సంతకం పెట్టావా, చిన్నా?

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

మేమిద్దరం కులాసా. నాన్నగారి మోకాలు ఎప్పటిలాగే ఉంది, అడిగితే మాత్రం "దానికేమైంది?" అంటారు. నువ్వు ఫోను తీయడం లేదని రాస్తున్న ఉత్తరం కాదిది. పని ఒత్తిడి ఉంటుందని నాకు తెలియదా? ఊరికే నాలుగు మాటలు రాయాలనిపించింది.

రమణి పిన్ని మొన్న మాట్లాడింది. దాని నడుం నొప్పి తగ్గిందట, బుజ్జిగాడు కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాడట. మాటల మధ్యలో నువ్వు ఇంటి మీద సోలార్ పెట్టిస్తున్నావని చెప్పింది. పది కిలోవాట్లట, పెద్ద బ్యాటరీ కూడానట, ఎవరో ఇంటికి వచ్చి "ఈ వారంలో సంతకం పెడితేనే ఈ ధర" అన్నారట. పిన్ని చెప్పేదానిలో సగం తీసేసి వినాలని మనింట్లో అందరికీ తెలిసిందే. మిగిలిన ఆ సగమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

సోలార్ పెట్టించుకోవడం తప్పని నేనెందుకంటాను? 1954లో బెల్ లేబొరేటరీస్‌వాళ్ళు తయారుచేసిన సిలికాన్ సౌర ఘటం, అదే సోలార్ సెల్, తన మీద పడిన వెలుగులో 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చిందని ఎన్ని తరగతులకు చెప్పానో. ఇవాళ మామూలుగా అమ్మే సోలార్ పలకలు 20 శాతం దాటిపోయాయి. నాకు సంతోషమే. వస్తువు గురించి నాకు బెంగ లేదు. ఇంటికొచ్చి వారం గడువు పెట్టే మనిషి గురించే. సూర్యుడు వచ్చే వారం కూడా ఉదయిస్తాడని ఆయనకు చెప్పు.

ఆ పది కిలోవాట్ల లెక్క ఎవరు వేశారు? నువ్వా, ఆయనా? సుధ కరెంటు బిల్లులన్నీ ఒకచోట దాచే పిల్ల కదా, పన్నెండు నెలలవి తీసి పెట్టమను. అందులో డబ్బు అంకె చూడకండి, యూనిట్లు చూడండి. వేసవి నెలలకు, మిగతా నెలలకు తేడా ఎంతుందో చూడండి. కిలోవాటు అంటే ఒక క్షణాన ఎంత శక్తి ఇవ్వగలదన్న కొలత, యూనిట్ అంటే అలా ఒక గంట ఇస్తే పోగయ్యేది. ఇది తొమ్మిదో తరగతిలో నీకు చెప్పాను, నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు. మంచి ఎండ ఉండే చోట ఒక కిలోవాటు పలకలు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయనుకో. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి రోజుకు పది యూనిట్లు చాలు, అంటే మూడు కిలోవాట్లతో సరిపోతుంది. పది కిలోవాట్లు పెడితే రోజుకు నలభై వస్తాయి. ఆ మిగిలిన ముప్ఫై ఏం చేస్తావు? మీ విద్యుత్ సంస్థ నువ్వు పంపిన యూనిట్‌కు, తీసుకున్న యూనిట్‌కు చెల్లు రాస్తుందా, తక్కువ ధర కట్టి కొంటుందా, ఉత్త పుణ్యానికి తీసుకుంటుందా అన్నది చోటును బట్టి మారుతుంది. అది కాగితం మీద చూసుకోకుండా ఎన్ని కిలోవాట్లన్నది నిర్ణయించకూడదు. విద్యుత్తు కారు కొనే ఆలోచన ఉంటే అది వేరే లెక్క. కారు సంగతి పిన్ని చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు.

సుధకు ఆఫీసు దూరం తగ్గిందా? రాత్రిళ్ళు త్వరగా పడుకోమని చెప్పు. నువ్వు కూడా.

బ్యాటరీ మాట విన్నప్పటి నుంచి నాకు పెద్దమామయ్య గుర్తొస్తున్నాడు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, పూర్తిగా తెలిసి ఉండదు. ఆయన సోలార్ పెట్టించాక మమ్మల్నందరినీ చూడ్డానికి పిలిచాడు. పెట్టినతను పోతూ పోతూ "ఇక మీకు కరెంటు కష్టాలుండవు సార్" అన్నాడట, మామయ్య ఆ మాటను అందరికీ ముందే ఫోన్లు చేసి చెప్పేశాడు. మిట్టమధ్యాహ్నం డాబా మీదికి తీసుకెళ్ళి ఒక్కో పలక దగ్గరా నిలబెట్టి చూపించాడు. అత్తయ్య "కాళ్ళు కాలుతున్నాయండీ" అంటున్నా వినలేదు. కిందికి వచ్చి అందరం ఫ్యాను కింద కూర్చున్నాం. మామయ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఫ్యాను ఆగిపోయింది.

ఫ్యూజు పోయిందేమోనని చూశాడు. ఫ్యూజు బాగానే ఉంది. వీధిలోకి వెళ్ళి చూస్తే అందరిళ్ళలోనూ కరెంటు లేదు. "వీధిలో పోతే మనకేమిటి? మనది పైన తయారవుతోందిగా" అని మళ్ళీ డాబా ఎక్కాడు. పలక మీద చేయి వేసి చూసి, "వేడిగానే ఉంది, పని చేస్తోంది" అని పైనుంచే అరిచాడు. అత్తయ్య ఆ సోలార్ కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకంతోనే విసురుకుంటూ కూర్చుంది. పెట్టినతనికి ఫోను చేస్తే "ఆగిపోవాలండీ, అది అలాగే ఉండాలి" అన్నాడు. మామయ్య అతణ్ణి మోసగాడని తిట్టి ఫోను పెట్టేశాడు. మీ నాన్నగారు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయారు.

చివరికి వీధిలో లైను బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రవాణ్ణి లోపలికి పిలిచాడు. ఆ పిల్లవాడు నెమ్మదిగా విప్పి చెప్పాడు. "సార్, కరెంటు లేదు కదా అని నేను స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాను. అప్పుడు మీ డాబా మీది నుంచి ఆ తీగలోకి కరెంటు వస్తే నేను పోతాను. అందుకే లైను పోయిన రెండు సెకన్లలోపే ఇన్వర్టర్, అంటే పలకల కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె, తనంతట తాను ఆగిపోతుంది. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్, ఇంటిని లైను నుంచి విడదీసే ఏర్పాటు, ఇవి ఉంటే తప్ప వీధిలో పోతే మీకూ పోతుంది." మామయ్య చాలాసేపు ఊరుకుని, "మరి నేను కొన్నదేమిటి?" అని అడిగాడు. "బిల్లు తగ్గించుకోవడానికి కొన్నారండి" అన్నాడు ఆ అబ్బాయి. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోలేదు. పౌరుషం కొద్దీ మామయ్య బ్యాటరీ కొని ఇల్లంతా దానికే కలపమన్నాడు. మళ్ళీ కరెంటు పోయినప్పుడు అంతా వెలిగింది, మామయ్య కాలరు సర్దుకున్నాడు. అంతలో అత్తయ్య నీళ్ళ మోటారు వేసింది, ఇల్లంతా ఆరిపోయింది. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది, ఆ ఇన్వర్టర్ దాన్ని తట్టుకోలేదు. ఇప్పుడు లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌కు మాత్రం వేరే లైను వేయించి బ్యాటరీకి కలిపాడు. మొదట్లోనే అలా చేయించమని ఇంట్లో చిన్నవాళ్ళు చెబితే ఆయన వినే రకమా?

అందుకని అడుగుతున్నాను, మీ దగ్గర కరెంటు ఎంత తరచుగా పోతుంది? ఎప్పుడో ఒకసారి పోయేదానికైతే ఆ పెద్ద బ్యాటరీ దండగ అని నా అభిప్రాయం. గంటల తరబడి పోతుంటే, లేక రాత్రి యూనిట్ ధర మరీ ఎక్కువైతే, కొనుక్కో. కొంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కొను. పాత సీసం బ్యాటరీ సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా చెడుతుంది, ఇది ఎనభై తొంభై శాతం వాడినా వేలసార్లు నింపుకోనిస్తుంది. కాగితంలో "మొత్తం సామర్థ్యం" అని రాస్తారు, "వాడుకోగలిగిన సామర్థ్యం" ఎంతో నువ్వు అడుగు. ఆ రెండు అంకెలూ ఒకటి కావు. సంతకానికి ముందే అడగాలి సుమా. పెట్టేశావా ఏమిటి? పెడితే వెనక్కి తీసుకునే గడువు ఏమన్నా రాశారేమో చూడు.

పోయిన వీడియో కాల్‌లో మీ ఇంటి పడమటి వైపు పెద్ద చెట్టు కనబడింది. దాన్ని కొట్టేయమని నేననను. కానీ పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం మూడుకి డాబా మీద నీడ ఎక్కడ పడుతోందో ఫొటోలు తీసి పెట్టుకో. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు, నీడలు ఇంకా పొడుగవుతాయి. ఒక వరుసలో కలిపిన పలకలు చేతులు పట్టుకుని నడిచే పిల్లల్లాంటివి, ఒకడు కుంటితే అందరి నడకా మందగిస్తుంది. నీడ పడిన భాగాన్ని దాటవేసే డయోడ్లు ప్రతి పలకలోనూ ఉంటాయి, అయినా నష్టం నష్టమే. నీడ తప్పనిచోట పలక పలకకూ విడిగా పనిచేసే మైక్రో ఇన్వర్టర్లు ఇవ్వగలరా అని అడుగు. నీడే లేకపోతే వాటికి అదనంగా పెట్టక్కర్లేదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉండేవాళ్ళు దక్షిణం వైపు తిప్పి, ఇంచుమించు ఆ చోటి అక్షాంశమంత వాలుగా పెడితే ఏడాది మొత్తానికి ఎక్కువ పండుతుంది. దక్షిణాన ఉండేవాళ్ళకు ఉత్తర ముఖం. పొద్దునా సాయంత్రం ఎక్కువ వాడుకునే ఇంటికి తూర్పు పడమరలకు పంచినా తప్పులేదు, మొత్తం కొంచెం తగ్గినా నీకు కావలసిన వేళకు వస్తుంది. పలకల కింద గాలి ఆడేలా ఎత్తు ఉంచమను. వాటి మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మండుటెండలో పలక 60 డిగ్రీలు దాటిందంటే, డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున, పదో వంతుకు పైగా అక్కడే పోతుంది.

డాబా కారుతోందన్నావు పోయినసారి. అది ముందు బాగుచేయించు. పలకలన్నీ బిగించాక మళ్ళీ విప్పించడం ఎవరి తరం?

"పలకలకు 25 ఏళ్ళ వారంటీ ఉంటుంది" అని నాన్నగారికి చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి, "అయితే వాడక్కడే ఉంటాడన్నమాట" అన్నారు. నేనేమీ అనలేదు. పలకలు ఏడాదికి అర శాతం చొప్పున నెమ్మదిగా తగ్గుతాయని, ఇన్వర్టర్ మాత్రం పది పదిహేనేళ్ళకు మార్చాల్సి వస్తుందని చెప్పాను. మళ్ళీ పేపరు విప్పుకున్నారు. ఆ వారంటీలో కూడా రెండు రకాలుంటాయి నాయనా, వస్తువు చెడితే మార్చిచ్చేది ఒకటి, ఇన్నేళ్ళకు ఇంత శాతం ఇస్తుందనేది ఇంకొకటి. ఆ పెద్ద అంకె ఎక్కువగా రెండోదానికే ఉంటుంది. వస్తువు చెడితే ఎన్నేళ్ళు, విప్పి తీసుకెళ్ళి మళ్ళీ బిగించే కూలి ఎవరిది, పెట్టినవాళ్ళు దుకాణం ఎత్తేస్తే ఎవరు జవాబు చెబుతారు, ఇవన్నీ అడుగు. కనీసం ముగ్గురి దగ్గర లెక్కలు తీసుకో. మొత్తం ఖర్చును, ఏడాదిలో మిగిలే డబ్బుతో భాగిస్తే ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో తెలుస్తుంది. అప్పు చేస్తే వడ్డీ కూడా ఖర్చులో కలుపు. పోయినసారి నేను అప్పు మాట ఎత్తగానే లైను కట్ అయింది. సిగ్నల్ బాగాలేదేమో.

ఇక పెట్టించాక వాడుకునే పద్ధతి. చెల్లు రాసే చోటైతే ఎప్పుడు వాడినా పెద్ద తేడా లేదు. లేకపోతే బట్టల మిషను, నీళ్ళ మోటారు, గీజరు అన్నీ ఎండ ఉన్న వేళకు మార్చుకోండి. మీరిద్దరూ పగలు ఇంట్లో ఉండరు కాబట్టి టైమర్లు పెట్టండి. ఒకేసారి అన్నీ వేస్తే పైనుంచి వచ్చేది చాలదు, ఒకటి ముగిశాక ఒకటి. రోజూ ఎన్ని యూనిట్లు వచ్చాయో ఫోనులో కనబడుతుందట, మొదటి నెల రాసి పెట్టుకో. మబ్బు లేని రోజున హఠాత్తుగా తగ్గిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

దుమ్ము కడగడానికి నువ్వు ఎక్కవద్దు. ఇది మాత్రం ఒట్టేసి చెప్పు. కాలుతున్న గాజు మీద చల్లని నీళ్ళు పోస్తే పగలవచ్చు, పలకల మీద కాలు పెడితే లోపలి ఘటాలు కంటికి కనబడకుండా చిట్లుతాయి. వెలుగు ఉన్నంతసేపూ ఆ తీగల్లో కరెంటు ఉంటుంది, కింద మీట ఆపేసినా పలకల వైపు ఆగదు. ఒక వరుసలో కొన్ని వందల వోల్టులు ఉంటాయి. పొద్దున్నే, కిందనే నిలబడి, పొడుగు కర్రకు మెత్తని బ్రష్ కట్టి చేయించు. చిన్నప్పుడు గోడ మీది నుంచి పడి గడ్డానికి కుట్లు వేయించుకున్నవాడివి, నీకు ఎత్తులతో ఎప్పుడూ పొసగలేదు.

ఎర్తింగు, హఠాత్తుగా ఎగసే వోల్టేజీ నుంచి కాపాడే సర్జ్ రక్షణ ఉన్నాయా, పలకల తీగలను కలిపే కనెక్టర్లన్నీ ఒకే కంపెనీవేనా అని కూడా అడుగు. వేర్వేరు కంపెనీల కనెక్టర్లను ఒకదానిలో ఒకటి దూర్చితే సరిగా కుదరక వేడెక్కుతాయి, అక్కడే నిప్పు పుడుతుంది.

నీ ఇల్లు, నీ డబ్బు. నేను చెప్పేదేముంది.

అమ్మ

తా.క. ఆ ఒప్పందం కాగితాలు ఫొటో తీసి పంపు, అన్ని పేజీలూ, చిన్న అక్షరాలున్నవి కూడా. నాన్నగారి ఫోనుకు పంపకు, ఆయన చూడకుండా "బాగుంది" అని పెట్టేస్తారు. నా ఫోనుకు పంపు. ఆదివారం పదింటికి ఫోను చేస్తాను, సుధను కూడా పక్కన ఉండమను.