ఆల్చిప్పలకు రొయ్యల చెరువు లెక్క సరిపోదు

సంపాదకుల వారికి,

ఆల్చిప్పల పెంపకంలోనూ ప్రోబయోటిక్స్ (రోగకారక క్రిములను అణచే మేలు బ్యాక్టీరియా) వాడాలనే మాట ఈమధ్య వినిపిస్తోంది. మనవాళ్లకు ప్రోబయోటిక్ అంటే రొయ్యల చెరువే గుర్తొస్తుంది: పొడిని బెల్లం నీళ్లలో పులియబెట్టి చెరువంతా చల్లడం. ఆల్చిప్పలు పెరిగేది గట్లున్న చెరువులో కాదు, ఆటుపోట్లు వచ్చిపోయే నీళ్లలో. అక్కడ చల్లిన మందు పూట గడవకముందే సముద్రం పాలు. కేరళలోనైతే తాళ్లకు పాత చిప్పలు గుచ్చి వేలాడదీసి, వాటికి సహజంగా అంటుకున్న పిల్లనే పెంచుతారు. ఆ పద్ధతిలో ప్రోబయోటిక్ వేసే చోటే లేదు.

దాని పని పిల్లను పుట్టించే హ్యాచరీలో, లార్వా (గుడ్డు నుంచి వచ్చిన తొలి దశ పిల్ల) ఈదుతూ తిరిగే తొలి రెండు మూడు వారాల్లో. అమెరికాలోని రోడ్ ఐలండ్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి తూర్పు తీరపు ఆల్చిప్ప లార్వాపై రెండు బ్యాక్టీరియాలను పరీక్షించారు. ఫియోబ్యాక్టర్ ఇన్‌హిబెన్స్ ఎస్4 ఒకటి. ఇది లార్వాను చంపే విబ్రియో అనే బ్యాక్టీరియాను అణచే ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, పైగా జిగురు పొరలా పట్టుకుని విబ్రియోకు చోటు లేకుండా చేస్తుంది. రెండోది బాసిల్లస్ ప్యూమిలస్ ఆర్ఐ06-95. ఇది అమికౌమాసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేస్తుంది.

మోతాదు మిల్లీలీటరు నీటికి 10 వేల జీవకణాలు. అంటే 1,000 లీటర్ల ట్యాంకుకు 1,000 కోట్లు. గ్రాముకు 100 కోట్లున్న పొడి 10 గ్రాములు చాలు, కిలోల లెక్క అక్కర్లేదు. అయితే లేబుల్ మీది అంకెను నమ్మకుండా, ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద లెక్కించుకోవాలి. రోగం కనబడ్డాక వేస్తే ఆలస్యమైనట్టే. ల్యాబ్‌లో రక్షణ దొరికింది విబ్రియో కలపడానికి 24 గంటల ముందే వేసినప్పుడు, అదీ మందు తీసేశాక ఒక్కరోజుకు మించి నిలవలేదు. అందుకే రోజూ వేయాలి, నీళ్లు మార్చిన ప్రతిసారీ మళ్లీ వేయాలి.

చెడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. క్లోరిన్ కొట్టిన నీటిని సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, కిట్‌తో పరీక్షించి క్లోరిన్ సున్నా అని చూశాకే ప్రోబయోటిక్ వేయాలి, లేదంటే అదే ముందు చస్తుంది. యాంటీబయాటిక్ వాడుతూ దీన్ని వేయడం డబ్బు దండగ. లార్వా ట్యాంకులో బెల్లం పోస్తే విబ్రియోకూ మేతే, ఆక్సిజనూ పడిపోతుంది. మేతగా ఇచ్చే ఆల్గే (సూక్ష్మ నాచు) సంచుల్లోంచే విబ్రియో వస్తుంటే ట్యాంకులో ఎంత వేసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ముందు ఆ ఆల్గేను పరీక్షించాలి.

ఇంకొకటి, రొయ్య రైతుల అలవాటు గురించి. విబ్రియోను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద గ్రీన్ కాలనీలకు (బ్యాక్టీరియా గుంపులకు) భయపడతాం, ఎల్లో కాలనీలను పోనీలే అనుకుంటాం. ఆల్చిప్ప లార్వాను రాత్రికి రాత్రి చంపి ట్యాంకు అడుక్కి దించే విబ్రియో కోరాలిలిటికస్ పెరిగేది ఎల్లోగానే.

- ఆక్వా ల్యాబ్ సిబ్బంది, భీమవరం