హుక్ సెట్లు ఎందుకు ఆలస్యమయ్యాయి: పోయినసారి నేను చెప్పింది సరికాదు

నమస్కారం.

కుట్టు మిషన్లలో దారాన్ని పట్టే హుక్ సెట్లు, బాబిన్ కేసులు, మిషన్ నడిపే సర్వో మోటార్ల కోసం అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న మీ అందరికీ ఈ మాట నేనే చెప్పాలి. సరుకు ఏమైందని మూడు వారాల కిందట ఫోన్ చేసినవాళ్లకు "చైనా సముద్రంలో గొడవలండీ, ఓడలు ఆగిపోయాయి" అన్నాను. అది సరికాదు. కావాలని అబద్ధమాడలేదు గానీ, నా చెవిన పడిన మాటను సరిచూసుకోకుండా మీకు చెప్పేశాను. తర్వాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే విషయం వేరేగా తేలింది. గొడవలు నిజమే. వాటి భారం మన బిల్లులోకి వస్తున్న మాటా నిజమే. మన ఓడను మాత్రం ఎవరూ ఆపలేదు.

ముందు సరుకు వచ్చే దారి చెబుతాను. చైనాలో జెజియాంగ్ ప్రాంతంలోని తైజౌ చుట్టుపక్కల కుట్టు మిషన్లు, వాటి విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి నింగ్బో రేవుకు వెళ్లి ఓడ ఎక్కుతాయి. నింగ్బో తైవాన్‌కు ఉత్తరాన ఉంది కాబట్టి ఓడ మామూలుగా తైవాన్ జలసంధిలోంచే కిందికి దిగుతుంది. ఆ తర్వాత దక్షిణ చైనా సముద్రం, సింగపూర్ దగ్గర మలుపు, మలక్కా జలసంధి. మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో పెట్టె (కంటైనర్) దిగి, పెద్ద రేవు నుంచి చిన్న రేవులకు సరుకు మోసే ఫీడర్ ఓడ ఎక్కి, నికోబార్ దీవులు దాటి బంగాళాఖాతంలోకి వస్తుంది. అంటే ఆసియాలో దేశాలు పంతానికి పోతున్న నీళ్లలో చాలా వాటిని మన బాబిన్ కేసు చూసే వస్తోంది.

తైవాన్ జలసంధి మరీ ఇరుకైన చోట వెడల్పు 130 కిలోమీటర్లు. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్లొచ్చాక, చైనా ఆ ద్వీపం చుట్టూ ఆరు ప్రాంతాలు గీసి, నిజమైన గుళ్లతో విన్యాసాలు చేసింది. ఆ రోజుల్లో కొన్ని సరుకు ఓడలు జలసంధి వదిలేసి తైవాన్‌కు తూర్పు నుంచి చుట్టు తిరిగి వెళ్లాయి. 2024లో మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో మరోసారి విన్యాసాలు జరిగాయి. అప్పటినుంచి మన పెట్టె ఉన్న ఓడ అటు వస్తుందంటే రాత్రి నిద్ర లేచి ఫోన్‌లో ఓడల జాడ చూపే మ్యాపు మీద ఆ చిన్న బాణం గుర్తు ఎక్కడుందో చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

దక్షిణ చైనా సముద్రం సంగతి ఇంకా చిక్కు. ప్రపంచంలో ఓడల మీద సాగే వ్యాపారంలో దాదాపు మూడో వంతు ఆ నీళ్లమీదుగా వెళుతుందని అంచనా. చైనా తన మ్యాపుల్లో 'తొమ్మిది గీతల రేఖ' అని పేరుపడ్డ హద్దు గీసి అందులో చాలా భాగం తనదంటుంది. ఫిలిప్పీన్స్, వియత్నాం, మలేషియా, బ్రూనై ఒప్పుకోవు. ఫిలిప్పీన్స్ 2013లో కేసు వేస్తే, హేగ్‌లోని ట్రిబ్యునల్ 2016 జూలై 12న తీర్పిచ్చింది: ఆ గీతల లోపల వనరుల మీద చారిత్రక హక్కులున్నాయనడానికి చట్టప్రకారం ఆధారం లేదని. చైనా ఆ తీర్పును ఒప్పుకోలేదు. అమలు చేయించే పోలీసు సముద్రంలో లేడు. ఆ సముద్రంలోనే ఉన్న సెకండ్ థామస్ షోల్ అనే పగడపు దిబ్బ మీదికి ఫిలిప్పీన్స్ 1999లో కావాలనే ఒక పాత యుద్ధనౌకను ఎక్కించి నిలబెట్టింది. తుప్పుపట్టిన ఆ నౌకలో ఇప్పటికీ సైనికులుంటారు. వాళ్లకు తిండీ నీళ్లూ తీసుకెళ్లే పడవల మీద చైనా కోస్ట్ గార్డు నీటి ఫిరంగులు కొట్టింది. 2024 జూన్‌లో జరిగిన పెనుగులాటలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి చేతి బొటనవేలు తెగిపోయింది.

ఇంత జరుగుతున్నా సరుకు ఓడలు మాత్రం రోజూ ఆ పక్కనుంచే వెళుతున్నాయి. దెబ్బలు తినేది జాలర్లు, కోస్ట్ గార్డు, నావికాదళం వాళ్లు. ఈ తేడా తెలుసుకోకుండానే నేను మీకు "ఓడలు ఆగిపోయాయి" అన్నాను.

మనదాకా వచ్చేది వేరే రూపంలో వస్తుంది. మామూలు సరుకు బీమాలో యుద్ధ నష్టం కవర్ కాదు, దానికి వార్ రిస్క్ విడిగా తీసుకోవాలి. ఆ కాగితం నేను ఈసారే పూర్తిగా చదివాను. ఆ కవర్ సరుకు ఓడ మీద ఉన్నంతవరకే. మధ్య రేవులో ఓడ మారాల్సి వస్తే, అక్కడికి చేరాక 15 రోజుల వరకే ఉంటుంది, ఆ తర్వాత ఇంకో ఓడ ఎక్కితేనే మళ్లీ మొదలవుతుంది. బీమా కంపెనీ 7 రోజుల నోటీసిచ్చి దాన్ని రద్దు కూడా చేసుకోవచ్చు. మన పెట్టె పోర్ట్ క్లాంగ్ యార్డులో 19 రోజులు పడి ఉంది. చివరి నాలుగు రోజులు ఆ కవర్ లేకుండానే ఉందన్నమాట. ఏమీ కాలేదు. కానీ మీ అడ్వాన్సుల డబ్బు అందులో ఉందని గుర్తొస్తే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

రెండోది ఎర్ర సముద్రం. అది మన దారిలో లేదు కదా అని చాలామంది అడిగారు. 2023 నవంబరులో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్నాక పెద్ద కంపెనీల ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఐరోపాకు ఒక్కో ప్రయాణం 10 నుంచి 14 రోజులు పెరిగింది. అవే ఓడలు, అవే ఖాళీ కంటైనర్లు తిరిగి ఆసియాకు రావాలి. రాకపోతే ఇక్కడ కొరత. 2024 మే, జూన్‌లలో సింగపూర్ బయట ఓడలు రోజుల తరబడి వరుస కట్టాయి. ఒక రేవు నిండితే పక్క రేవు మీద పడుతుంది, పెద్ద లైన్ల పెట్టెలు ముందు వెళతాయి, మనలాంటి చిన్నవాళ్ల పెట్టె వెనక్కి పోతుంది.

ఇక ఈసారి జరిగింది. ఫ్రైట్ (ఓడ కిరాయి) తక్కువ వస్తుందని మధ్యలో ఓడ మారే సర్వీసులో, నలుగురితో పంచుకునే కంటైనర్‌లో నేనే బుక్ చేశాను. పెద్ద ఓడ ఒక రోజు ఆలస్యంగా చేరింది, ఫీడర్ వెళ్లిపోయింది, తర్వాతి ఫీడర్‌లోనూ చోటు దొరకలేదు. సముద్రంలో గొడవకు దీంతో సంబంధం లేదు. తేదీ తెలియకుండా మీకు తేదీ ఇచ్చింది నేను.

దాని ఫలితం అట్టపెట్టెలు విప్పినప్పుడు కనబడింది. సిలికా జెల్ పొట్లాలు చెమ్మ పీల్చి ఇంకేమీ పీల్చలేని స్థితికి వచ్చాయి. నూనె కాగితం తీస్తే కొన్ని హుక్‌ల మొన దగ్గర గోధుమరంగు చుక్కలు. వేలితో తడిమితే గరుకు తగిలింది. అక్కడే దారం తెగుతుంది, కుట్టు దాటిపోతుంది. అలాంటివి మొత్తం పక్కన పెట్టాను, ఎవరికీ పంపను. మొదటి రోజు పంపిన వాటిలో ఒకటి రెండు వచ్చి ఉంటే ఫొటో పంపండి, మార్చి ఇస్తాను, కొరియర్ ఖర్చు నాదే.

ఈ కాగితాలు చదువుతుంటే మోటుపల్లి గుర్తొచ్చింది. బాపట్ల జిల్లాలోని ఆ ఊళ్లో 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు రాజులు, గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకును బలవంతంగా లాక్కునేవారట. సముద్రం మీద అంత ప్రాణాపాయానికి తెగించి వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని ఆయన మాట ఇచ్చాడు. రాయి మీద చెక్కించి రేవులో నిలబెట్టాడు. దూరదేశపు వర్తకుడికి కావలసింది అదే: ఈ నీళ్లలో నా సరుకుకు ఏం జరుగుతుందో ముందే తెలియడం. మీరు నన్ను అడుగుతున్నదీ అదే.

కాబట్టి ఇకనుంచి పెట్టె పోర్ట్ క్లాంగ్‌లో ఫీడర్ ఎక్కిందని బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) నంబరుతో ట్రాకింగ్‌లో చూశాకే తేదీ చెబుతాను. అంతవరకు ఎవరడిగినా "ఇంకా తెలియదు" అనే అంటాను. ఫ్రైట్, వార్ రిస్క్, సర్‌ఛార్జ్‌లను వస్తువు ధరలో కలపకుండా బిల్లులో విడి లైనుగా చూపిస్తాను. అవి తగ్గినప్పుడు ఆ లైను కూడా తగ్గుతుంది. సూదులు, లూపర్ల (ఓవర్‌లాక్ మిషన్లో దారం అల్లే చిన్న భాగాలు) లాంటి తేలికైనవి విమానంలో తెప్పించి నిల్వ ఉంచుతాను. మోటార్లు బరువు కాబట్టి ఓడలోనే రావాలి.

సర్వో మోటార్ల పెట్టె ఇంకా నింగ్బో నుంచి బయలుదేరలేదు. ఆర్డరు వద్దనుకునేవాళ్లు ఓడ ఎక్కేలోపు చెబితే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను. ఎక్కిన రోజున ఓడ పేరు, బీఎల్ నంబరు మీ అందరికీ పంపుతాను, నాతోపాటు మీరూ చూసుకోవచ్చు.