ఎక్కే పని రైలుది, నడక మనది

ఒరేయ్ శీనూ,

జూలైలో అమ్మతో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో మూడు రాత్రులు ఉంటామన్నావుగా. అందులో ఒక రోజు కొండ మీద మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ దాకా నడవండి. నాలుగున్నర కిలోమీటర్లు, గంటన్నర. మెన్లిఖెన్ స్టేషన్ 2,225 మీటర్ల ఎత్తున, క్లైనె షైడెగ్ 2,061 మీటర్ల ఎత్తున ఉన్నాయి కాబట్టి దారంతా మెల్లగా దిగుడే. అటునుంచి ఇటు నడిస్తే అంతా ఎక్కుడు, పైగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ వీపు వెనక పడతాయి.

ఇంటర్‌లాకెన్ నుంచి లౌటర్‌బ్రున్నెన్ మీదుగా వెంగెన్ ఊరి దాకా రైలు, అక్కణ్ణుంచి మెన్లిఖెన్‌కి కేబుల్ కారు. రైలు టికెట్‌కి ఫలానా బండి అని ఉండదు, రిజర్వేషన్ బాధ లేదు. ఒక బండి పోతే అరగంటలో ఇంకోటి. హాఫ్ ఫేర్ కార్డు ఉంటే ఈ దారి పొడుగునా సగం ధరే. స్విస్ ట్రావెల్ పాస్ వెంగెన్ దాకా పూర్తిగా చెల్లుతుంది, ఆపైన తగ్గింపు మాత్రమే. చాలామంది కేబుల్ కారుకి రానూపోనూ టికెట్ తీసేసుకుంటారు. మీరు వేరే దారిన దిగుతారు, ఒకవైపుది చాలు.

పొద్దున్నే లేవగానే మెన్లిఖెన్ వెబ్‌క్యామ్ చూడు. ఊళ్ళో ఎండ కాస్తున్నా పైన మబ్బు కమ్మి ఉండొచ్చు, అప్పుడు వెళ్ళినా తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. వేసవిలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి కాబట్టి ఎనిమిదికల్లా రైల్లో ఉండండి. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో ఎక్కే ముందు పెట్టె మీద ఊరి పేరు చదువు. దారిలో త్స్వైల్యుచినెన్ దగ్గర రైలు రెండుగా విడిపోయి సగం లౌటర్‌బ్రున్నెన్‌కీ, సగం గ్రిండెల్‌వాల్డ్‌కీ పోతుంది. పెట్టె తప్పితే వేరే లోయలో తేలతారు.

లౌటర్‌బ్రున్నెన్‌లో బండి మారాలి. మీరు వచ్చింది మీటర్ గేజ్, పైకి వెళ్ళేదానికి పట్టాల మధ్య ఎడం 800 మిల్లీమీటర్లే. ఎక్కే ముందు ఒక్క నిమిషం పట్టాల మధ్యకి చూడండి, పళ్ళున్న మూడో కమ్మీ కనపడుతుంది. బండి కింది పళ్ళచక్రం దాన్ని కరుచుకుంటూ 25 శాతం వాలు కూడా ఎక్కేస్తుంది, 1893 నుంచీ ఇదే పద్ధతి. వెంగెన్‌లో దిగాక ఐదు నిమిషాలు నడిస్తే కేబుల్ కారు. గాలి గట్టిగా ఉంటే అది ఆపేస్తారు. అలా జరిగితే నిరాశపడకుండా రైల్లోనే క్లైనె షైడెగ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కింది స్టేషన్ వెంగెర్నాల్ప్‌కి నడిచి దిగండి.

పైన ఇంటర్‌లాకెన్ కన్నా పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. స్వెట్టరూ, గాలి ఆపే జాకెట్టూ, గాలి చల్లగా అనిపించినా ఎండకి చర్మం మాడుతుంది కాబట్టి సన్‌స్క్రీనూ తప్పనిసరి. దారి వెడల్పు కంకర బాట, మామూలు స్పోర్ట్స్ షూస్ చాలు. కానీ అమ్మ మోకాళ్ళకి ఎక్కుడు కన్నా దిగుడే కష్టం. చేతికర్ర తీసుకో, నిలబడి పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి, దిగేటప్పుడు ఇంకో ఐదు సెంటీమీటర్లు పొడిగించు. అడుగులు చిన్నగా వెయ్యమను. దారిలో పసుపు బోర్డుల మీద దూరం ఉండదు, సమయమే ఉంటుంది. అది ఆగకుండా నడిచేవాళ్ళ లెక్క, మీరు దానికి సగం కలుపుకోండి.

ఆవులు దారికి అడ్డంగా పడుకుంటే పక్కనుంచి చుట్టి వెళ్ళండి, తల్లికీ దూడకీ మధ్య మాత్రం దూరొద్దు. కంచె తీగలో కరెంటు ఉంటుంది. బాట దగ్గర దానికి ప్లాస్టిక్ పిడి ఉంటుంది, దాన్నే పట్టుకుని కొక్కెం తీసి, దాటాక మళ్ళీ తగిలించాలి.

దగ్గరికి వెళ్ళేకొద్దీ ఐగర్ ఉత్తర గోడ ఆకాశాన్ని మూసేస్తుంది. నిట్టనిలువుగా 1,800 మీటర్లు, మొదటిసారి మనుషులు ఎక్కింది 1938లో. బైనాక్యులర్ ఉంటే ఆ రాతి నడుమ కిటికీలు వెతుకు. 1912లో పూర్తయిన యుంగ్‌ఫ్రావ్ రైలు సొరంగానికి పెట్టినవి అవి. అంత గోడలో అగ్గిపెట్టె కన్నా చిన్నవిగా కనపడతాయి.

పులిహోర కట్టుకెళ్ళండి, పెరుగన్నం కన్నా అది నయం, వీపు సంచిలో ఊగినా చెడదు. ఊళ్ళలో కొళాయి తొట్ల దగ్గర "కైన్ ట్రింక్‌వాసర్" (తాగే నీళ్ళు కావు) అన్న బోర్డు లేకపోతే ఆ నీళ్ళు తాగొచ్చు, సీసా నింపుకోండి.

క్లైనె షైడెగ్‌లో అమ్మ అలిసిపోతే అక్కడే రైలెక్కండి. ఓపికుంటే పట్టాల పక్కనే ఇంకో గంటలోపు నడక, 1,874 మీటర్ల దగ్గర వెంగెర్నాల్ప్. అక్కడ యుంగ్‌ఫ్రావ్ సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి మంచు విరిగి పడుతుంటుంది. ముందు తెల్లటి పొగలా కనపడుతుంది, చప్పుడు కాస్త ఆగి వస్తుంది. ఒకటి రెండు బళ్ళు పోనిచ్చి అక్కడే కూర్చోండి, ఆఖరి బండి ఎన్నింటికో మాత్రం ముందే చూసిపెట్టుకో.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రవి