బొమ్మ బరువు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. ఈ మూడు వారాల్లో ఫైర్‌మెన్ల పోటీలకి ట్రాక్ వేస్తూ మూడు ఊళ్లు తిరిగాంరా, పెట్టె విప్పడం, మళ్లీ సర్దుకోవడం.

"ఫైర్‌మెన్ల పోటీ అంటే ఏముంది, మెట్లెక్కి దిగడమేగా" అని రాశావు చూడు, మా వాళ్లకి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వారు. మెట్లే నాయనా, ఐదంతస్తులు. కాకపోతే ఒంటి మీద మందపాటి కోటు, బూట్లు, హెల్మెట్, వీపున గాలి సిలిండర్, మొహానికి మాస్కు. అన్నీ కలిపి ఇరవై కిలోల పైమాటే. భుజాన ఇంకో 19 కిలోల పైపుల కట్ట. పైకి చేరాక అంతే బరువున్న పైపు చుట్టను తాడుతో కిందనుంచి చేదుకోవాలి. దిగేటప్పుడు మెట్టు దాటేస్తే జరిమానా. కింద నాలుగు కిలోల సుత్తితో 72 కిలోల ఇనుప దిమ్మెను ఐదడుగులు జరపాలి, అదీ కొట్టే జరపాలి, నెట్టకూడదు. ఆ తర్వాత నీళ్లు నిండిన పైపును 75 అడుగులు ఈడ్చి గురి కొట్టాలి. చివర్లో 80 కిలోల మనిషి బొమ్మను చంకల కింద పట్టుకుని వెనక్కి నడుస్తూ 100 అడుగులు లాగాలి. గట్టివాళ్లు ఇదంతా ఒకటిన్నర నిమిషంలోపే ముగిస్తారు. ఓ సాయంత్రం ఎవరూ లేనప్పుడు నేనూ ప్రయత్నించాలే, మామూలు బట్టల్లో, ఆ పైపుల కట్ట ఒక్కటే మోస్తూ. మూడో అంతస్తులో కూలబడ్డాను. ఈ ముక్క మీ ఆవిడకి చెప్పకు.

ఈ ఆట 1991లో అమెరికాలో, మేరీల్యాండ్‌లో మొదలైంది. దీని వెనక పాల్ డేవిస్ అనే వ్యాయామ శాస్త్రవేత్త ఉన్నాడు. మంటలార్పే పనికి ఒంట్లో ఎంత సత్తువ ఉండాలో తేల్చడానికి ఆయన చేసిన పరిశోధనే దీనికి పునాది. ఊరికే పెట్టలేదురా. ఆ దేశంలో డ్యూటీలో పోయే ఫైర్‌మెన్లలో దాదాపు సగం మంది గుండె ఆగే పోతున్నారు. అంటే పుట్టుకతో ఇది కొలత, పందెం తర్వాతే అయింది. మా తిప్పలన్నీ అక్కడే. ఈ ఊళ్లో తీసిన టైమూ పై ఊళ్లో తీసిన టైమూ పక్కపక్కన పెట్టి చూస్తారు మరి!

ఊరూరా నేల ఒకేలా ఉండి చస్తుందా? ఒకచోట కొత్త తారు, బొమ్మ మడమలు అతుక్కుపోతాయి. ఇంకోచోట కంటికి కనపడని వాలు. నేను బంతి వదిలి చూస్తాను, దొర్లిందంటే ట్రాక్ ఎటు వేయాలో మళ్లీ గొడవ. నీళ్లు సరేసరి. పంపు ఒత్తిడి హెచ్చితే పైపు కర్రలా బిగుసుకుంటుంది, తగ్గితే మెత్తబడి మలుపులో నులిమేసుకుంటుంది. ఇద్దరు పక్కపక్కన పరిగెత్తే రెండు లేన్లకీ ఒకేలా అందేదాకా మా పంపు మనిషి ఎవరితోనూ మాట్లాడడు.

కిందటి వారం కథ విను. రాత్రి వాన. ఒక బొమ్మను లోపల పెట్టడం మర్చిపోయాం. మర్చిపోయాం ఏమిటి, నేనే మర్చిపోయాను. పొద్దున మొదటి జంట పరిగెత్తింది. ఎడమ లేన్ కుర్రాడు దిమ్మె దగ్గర ముందున్నాడు, బొమ్మ దగ్గరికొచ్చేసరికి వెనకబడ్డాడు. అనుమానమొచ్చి బొమ్మను తూకం వేస్తే ఏముంది, దాని ఒంటి మీది బట్టలన్నీ నీళ్లు తాగి కూర్చున్నాయి. కుర్రాడికి మళ్లీ అవకాశమిచ్చాం, ఇస్తే ఏం లాభం? ఒకసారి పరిగెత్తినవాడి కాళ్లలో ఇంకేం మిగులుతుంది? పాపం, ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేదిరా.

జనం చప్పట్లు కొట్టేది గీత దాటేవరకే. అసలు పని ఆ తర్వాత. గీత దాటగానే మనిషి కుప్పకూలతాడు. ఇద్దరు చెరో వైపు పట్టుకుని ముందు మాస్కు ఊడదీయాలి, తర్వాత హెల్మెట్, కోటు. కోటు విప్పితే లోపలినుంచి ఆవిరి కొడుతుంది. నీడన కూర్చోబెట్టి చేతులు చన్నీళ్లలో ముంచితే కాసేపటికి కళ్లు నిలబడతాయి. ఒకాయనైతే కళ్లు తెరుస్తూనే అడిగిన మొదటి మాట, "టైమెంత?"

సరే, లారీ ఎక్కించడానికి పిలుస్తున్నారు. ఇప్పుడు నా బ్యాగులో ఎప్పుడూ ఓ వేలాడే కాటా ఉంటుంది, రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి రెండు బొమ్మల్నీ తూస్తున్నాను. మా వాళ్లు నాకు కాటా అని పేరు పెట్టేశారు. నువ్వు మాత్రం ఉత్తరంలో అలా పిలవకు.

నీ
శీను