ఊరు కదలని సెలవులు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఈసారి సెలవులకు ప్రయాణాలేవీ పెట్టుకోకుండా ఇంటిపట్టునే ఉండాలనుకుంటున్నావనీ, తీరా సెలవులన్నీ చేజేతులా పాడుచేసుకున్నట్టవుతుందేమోనన్న శంక మాత్రం వదలడం లేదనీ రాశావు. నాకు ఎంతో ఇష్టమైన విషయాన్ని కదిలించావు కనుక ఈ ఉత్తరం కాస్త పొడవుగానే సాగుతుంది, ఓపిగ్గా చదువు. ఇంట్లో గడిపిన సెలవులు వృథా కావని నేను గట్టిగా నమ్ముతాను. కాకపోతే ప్రయాణానికి ఎంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకుంటామో, వీటికీ అంత శ్రద్ధగా చేసుకోవాలి.

సెలవంటే ఎక్కడికో వెళ్లి రావడమేనన్న భావన మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, తిరిగి పనిలో చేరిన రోజున "ఎక్కడికి వెళ్లావు?" అని అడిగేవారే గానీ "విశ్రాంతి దొరికిందా?" అని అడిగేవారు కనిపించరు. నిజానికి జీతంతో కూడిన సెలవు పుట్టింది విశ్రాంతి కోసమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లో ఆమోదించిన ఒప్పందం, ఏడాది పాటు పనిచేసినవారికి కనీసం 6 పనిదినాల సెలవు ఇవ్వాలని చెప్పింది. 1970 నాటి ఒప్పందం దాన్ని 3 పనివారాలకు పెంచింది. ఈ రెంటి నడుమ, 1948లో, సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన తన 24వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ ప్రతి మనిషికీ హక్కుగా గుర్తించింది. ఆ హక్కును ఎక్కడ కూర్చుని అనుభవించాలో ఇవేవీ నిర్దేశించలేదు. నీ గదిలో కిటికీ పక్కన కూర్చుని అనుభవించినా అది నీకు పూర్తిగా దక్కినట్టే.

సబీన్ సొనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో, పని అలసట నుంచి కోలుకోవడానికి తోడ్పడే అనుభవాలను నాలుగుగా గుర్తించారు. పని ఆలోచనల నుంచి మనసు విడివడడం, సేదతీరడం, కొత్తగా ఏదైనా నేర్చుకుని పట్టు సాధించడం, తన సమయం తన చేతిలో ఉండడం అన్నవి ఆ నాలుగు. చివరిది ఇంట్లో దొరికినంతగా ప్రయాణంలో దొరకదు. బండి అందుకోవడానికి పరుగు, గది ఖాళీ చేయాల్సిన గడువు, చూడవలసిన చోట్ల జాబితా, ఇవన్నీ గడియారాన్ని మళ్లీ మన నెత్తిన కూర్చోబెడతాయి. నిద్ర సంగతీ అంతే. కొత్త చోట మొదటి రాత్రి మెదడులోని ఒక అర్ధగోళం రెండోదాని కంటే తేలికగా నిద్రపోతుందనీ, కాపలా కాస్తున్నట్టు చిన్న చప్పుడుకే స్పందిస్తుందనీ బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. అలవాటైన మంచం మీద ఆ కాపలా అక్కర్లేదు.

అయితే నాలుగింటిలో మొదటిదే ఇంట్లో కష్టం. దూరం వెళ్లినవాడికి దూరమే కంచెలా కాపుకాస్తుంది. ఇంట్లో ఉన్నవాడు ఆ కంచెను తానే కట్టుకోవాలి. "ఇంట్లోనే ఉన్నాడు కదా, ఒక్క నిమిషం అడుగుదాం" అన్న ఆలోచన ఆఫీసులో ఎవరికైనా ఇట్టే వస్తుంది. అందుకని సెలవులో ఉన్నానని మాత్రమే చెప్పు, ఎక్కడ ఉంటావో చెప్పవలసిన పని లేదు. ల్యాప్‌టాప్‌ను అలమారాలో పై అరలో పెట్టి, ఛార్జర్‌ను వేరే గదిలో ఉంచు. చేయి అలవాటుగా దాని వైపు వెళ్లినప్పుడు కుర్చీ వేసుకుని ఎక్కవలసి వస్తే, ఆ లోపల సగం కోరిక చల్లారుతుంది. ఇక ఇల్లు కూడా పని చెప్పకుండా ఊరుకోదు. ఎన్నాళ్లుగానో మడతబందు వదులై, తీసిన ప్రతిసారీ ఒక పక్కకు వాలి నేలను గీరే అలమారా తలుపు ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని సెలవు మొదలు కాకముందే బిగించు, లేదా సెలవు ముగిశాకే ముట్టుకుంటానని తీర్మానించుకో. మధ్యలో మాత్రం మొదలుపెట్టకు, ఎందుకంటే ఆ తలుపు తర్వాత అటక, అటక తర్వాత పాత కాగితాలు వరుసగా పిలుస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమని నాకు తోచేది ఇంకొకటి ఉంది. ఇంటిల్లిపాదీ సెలవుల్లో ఇంట్లో ఉంటే, వంటా శుభ్రతా ఎవరి మీద ఉంటాయో వారికి ఉన్న పని రెట్టింపవుతుంది. ప్రయాణంలోనైతే వారికి కనీసం ఆ బరువు తప్పుతుంది. ఈ విషయం తేల్చకుండా ఇంట్లో సెలవులు బాగా గడిచాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను, ఆ విశ్రాంతి మరొకరి శ్రమ మీద నిలిచినది. సెలవుకు ముందే అందరూ కూర్చుని పనులు పంచుకోండి, మానగలిగినవి మానేయండి, ఎవరి పూట వారిదని అనుకున్నాక మాట తప్పకండి.

తేదీలను కూడా ముందుగానే నిర్ణయించుకో. నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా పెద్దలపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయాణం పెట్టుకున్నవారు బయలుదేరక ముందే ఇతరుల కంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారని తేలింది. తిరిగి వచ్చాక మాత్రం, ఎంతో ప్రశాంతంగా గడిచిందన్నవారిలోనే తేడా కనిపించింది. ఎదురుచూడడంలో ఉన్న ఆ సంతోషాన్ని ఇంటి సెలవులకు మాత్రం ఎందుకు దక్కనివ్వకూడదు? చాలాకాలంగా నేర్చుకోవాలనుకుంటున్నది ఒక్కటి ఎంచుకో, రెండు వద్దు. పనిరోజుల్లో నువ్వు ఎన్నడూ ఇంట్లో ఉండని పదకొండు గంటల వేళ, ఎండ ఏ గోడ మీద ఎంత దూరం పాకుతుందో తీరిగ్గా చూడు. అది చూస్తున్నప్పుడు ఫోన్ చేతిలో ఉంటే ఆ గంట ఎటుపోయిందో తెలియకుండా పోతుంది, జాగ్రత్త.

ప్రయాణాలంటే నాకు గిట్టదని అనుకోకు. దూరాన ఉన్న ఆత్మీయులను చూడాలన్నా, ఎన్నడూ చూడని సముద్రాన్ని చూడాలన్నా కదిలి వెళ్లవలసిందే. నువ్వు ఈ ఏడంతా ఎంత అలసిపోయావో నీ ఉత్తరాలే చెబుతున్నాయి కనుక, ఇప్పటికి ఇల్లే మేలని నా అభిప్రాయం.

తేదీలు ఖరారు కాగానే నాకు రాయి. ఆ రోజుల్లో ఉదయం పూట నేను ఫోన్ చేయను. ఒక సాయంత్రం మాత్రం నా కోసం ఉంచు, ఏం నేర్చుకుంటున్నావో వినాలని ఉంది.

ప్రేమతో,
నీ మిత్రుడు