నీలం జెట్‌స్కీ ఎందుకు ఆపేశామంటే

అందరికీ నమస్తే. రుషికొండ బీచ్‌లో మాకున్న రెండు జెట్‌స్కీల్లో నీలం రంగుది శనివారం సాయంత్రం నుంచి తిప్పడం లేదు. ఆదివారం బుక్ చేసుకున్నవాళ్ళు కొందరు ఎండలో చాలాసేపు నిలబడి తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే. డబ్బులు అందరికీ వెనక్కి పంపేశాను, ఎవరికైనా ఇంకా రాకపోతే మెసేజ్ పెట్టండి.

జరిగింది ఇదీ. రోజూ రైడ్లు అయ్యాక డిప్‌స్టిక్, అంటే ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, తీసి ఆయిల్ చూస్తాం. శనివారం చూస్తే ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉంది. మా రైడ్లు పది నిమిషాలవి, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాం కదా, అలాంటప్పుడు లోపల చెమ్మ పట్టి ఆయిల్ మూత కింద కొంచెం తెల్లటి నురగ కనిపించడం మామూలే. కానీ ఇక్కడ పుల్ల మొత్తం అదే రంగు, పైగా మేం పోసిన ఆయిల్ కంటే లెవెల్ పైకి వచ్చింది. ఒక చుక్క తీసి వేడి పెనం మీద వేస్తే పోపు గింజల్లా చిటపటలాడింది. ఇక అనుమానమే లేదు, నీళ్ళే.

నేను మొదట అనుమానించింది బండి కడిగే తమ్ముడిని. ఉప్పు పోవడానికి ఇంజన్‌లోకి మంచినీళ్ళ పైపు పెడతాం, ముందు ఇంజన్ స్టార్ట్ చేసి తర్వాతే కుళాయి తిప్పాలి, ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టేసి ఆ తర్వాత ఇంజన్ ఆపాలి. ఈ వరస తప్పితే నీళ్ళు ఎగ్జాస్ట్‌లో నిండి వెనక్కి సిలిండర్లలోకి వెళ్ళిపోతాయి. వాడు వరస తప్పాడనుకుని అందరి ముందే గట్టిగా అరిచేశాను. తర్వాత మెకానిక్ వచ్చి స్పార్క్ ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పితే ఒక్క చుక్క బయటికి రాలేదు, మూడు సిలిండర్లూ పొడిగానే ఉన్నాయి. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, కూడా మూడింటిలో ఇంచుమించు సమానంగా వచ్చింది, అంటే హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద సందు మూసే పొర) పోయిందన్న భయం చాలావరకు తగ్గింది.

ఉప్పునీళ్ళ ఆయిల్‌ని లోపల రాత్రంతా వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి కాబట్టి ఆ రాత్రే ఆయిలూ ఫిల్టరూ మార్చాం. డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో లాగితే పాత ఆయిల్ అంతా రాదు, కొంత లోపలే ఉండిపోతుంది, అందుకే కాసేపు నడిపి రెండోసారి కూడా మార్చాం. కడిగేటప్పుడు పోయిన నీళ్ళే అయితే దాంతో ఆయిల్ శుభ్రపడాలి. ఆదివారం పొద్దున సముద్రంలో నేనొక్కడినే ఒక రౌండ్ వేసి వచ్చి చూస్తే మళ్ళీ పాల రంగే. అంటే ఎక్కడినుంచో నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

ఈ ఇంజన్‌లో ఆయిల్‌ని చల్లబరిచేది సముద్రపు నీరే, ఆయిల్ కూలర్‌లో రెంటికీ మధ్య పలచటి లోహం గోడ తప్ప ఇంకేం ఉండదు. ఆ కూలర్ విప్పి గాలి పట్టించి, పంక్చర్ షాపులో ట్యూబు ముంచినట్టు బకెట్ నీళ్ళలో ముంచితే ఒక మూల సన్నగా బుడగలు వచ్చాయి. ఉప్పుకి తినేసి సూది మొనంత చిల్లు పడింది.

ఆ తమ్ముడికి అందరి ముందే క్షమాపణ చెప్పాను.

చిల్లుకి అతుకు వేయించి ఈ వారాంతం నడిపేయమని సలహాలు వచ్చాయి. నేను ఒప్పుకోలేదు. ఆయిల్ పలచబడి తీరానికి దూరంగా ఇంజన్ పట్టేస్తే, వెనక చిన్నపిల్లని కూర్చోబెట్టుకున్న మనిషి అలల మధ్య ఇరుక్కుపోతాడు. కొత్త కూలర్ ఆర్డర్ పెట్టాం, అది బిగించాక మూడు రోజులు నేనే నడిపి, ప్రతిసారీ ఆయిల్ చూసుకుని, అప్పుడే మీకు ఇస్తాను. ఎర్ర బండి కూలర్ కూడా విప్పి అలాగే పరీక్షించాం, బాగుంది, రైడ్లు దాని మీదే నడుస్తున్నాయి. ఎక్కేముందు ఆయిల్ చూపించమని అడగండి, మూత తీసి చూపిస్తాం.