ఫిరంగి కొనబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,
నాన్న ఆశీస్సులతో వ్రాయునది.

అమెరికా అంతర్యుద్ధ కాలపు 3 అంగుళాల ఆర్డ్‌నెన్స్ రైఫిల్ అనే ఫిరంగి ఒకటి సేకర్తలకు అమ్మకానికి వచ్చిందనీ, దానిని కొనే ఆలోచనలో ఉన్నావనీ రాసిన నీ ఉత్తరం చదివాను. ఆ ఫిరంగి మీద నీకున్న మక్కువ నాకూ ఉంది. అందుకే, దాని మూతి మీది అక్షరాలు చదవకుండా, ఎవరి చేతుల నుండి ఎవరి చేతులకు వచ్చిందో కాగితాలు చూడకుండా, ఒక్క డాలరు కూడా బయానాగా ఇవ్వవద్దని గట్టిగా చెబుతున్నాను.

పెన్సిల్వేనియా రాష్ట్రం ఫీనిక్స్‌విల్‌లో ఫీనిక్స్ ఐరన్ కంపెనీ తయారుచేసిన ఈ ఫిరంగి పోత ఇనుముది కాదు. చేత ఇనుప పట్టీలను పొరలుపొరలుగా చుట్టి, కొలిమిలో బాగా కాల్చి, ఏకఖండంగా అతికించి, ఆ పైన తొలిచి గొట్టంగా మలిచారు. పోత ఇనుప పారట్ ఫిరంగులు పేలిపోయి సొంత సిపాయిలనే బలిగొన్న ఆ రోజుల్లో, దళాలు దీనిని అంతగా నమ్మడానికి ఈ పనితనమే కారణం. గొట్టం బరువు సుమారు 820 పౌన్లు, అంటే 370 కిలోలు. లోపల 7 గాడులు మెలితిరిగి ఉంటాయి.

మూతి అంచు మీద గొట్టం సంఖ్య, కంపెనీ పొడి అక్షరాలు, తూకం, సంవత్సరం, తనిఖీ అధికారి పొడి అక్షరాలు కొట్టి ఉండాలి. ఆ సంఖ్యకు ఎంత విలువ ఉందంటే, 1863 జూలై 1న గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఉత్తరాది యూనియన్ సైన్యం పక్షాన మొదటి గుండు పేల్చినదిగా చెప్పే ఫిరంగిని 233 అనే సంఖ్యను బట్టే గుర్తించి, అక్కడ ఆ సైన్యపు జనరల్ బ్యుఫర్డ్ విగ్రహ పీఠం దగ్గర నిలిపారు. గొట్టాన్ని నీ ఎదుటే కాటా మీద పెట్టించు. తుప్పు వల్ల కొంత తరుగు పోయినా, చెక్కిన తూకానికీ కాటా చూపేదానికీ పెద్ద తేడా ఉండకూడదు. మూతిలోకి దీపం వేసి చూసినప్పుడు లోపల వేరే ఉక్కు గొట్టం అంచు కనిపిస్తే, అది ఈ కాలపు నకలు కావచ్చు.

కొయ్య బండి కొత్తదైనా బాధ లేదు, అసలు బండ్లు చాలావరకు ఏనాడో చివికిపోయాయి. కాగితాల విషయంలో మాత్రం మొహమాటపడవద్దు. ఇటువంటి ఫిరంగులు ఎన్నో యుద్ధ స్మారకాలుగా ఊళ్ళకూ శ్మశానవాటికలకూ చేరాయి. అవి ప్రజల సొత్తు. అలాంటి చోటు నుండి దొంగిలించినదని తేలితే వస్తువూ పోతుంది, సొమ్మూ పోతుంది. 1898 లోపు తయారై, మూతి నుండి మందు కూరే ఫిరంగిని ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగానే చూస్తుంది; నీ రాష్ట్రపు నిబంధనలు వేరుగా కనుక్కో.

దానితోపాటు పాత గుండు ఇస్తామంటే, ఉచితమైనా ముట్టుకోవద్దు తల్లీ. 2008లో వర్జీనియాలో అటువంటి గుండును శుభ్రం చేస్తున్న ఒక సేకర్త అది పేలి మరణించాడు. లోపలి తుపాకిమందు నూట యాభై ఏళ్ళకు కూడా చావదు.

మూతి అంచు ఫొటోలు, ఇదివరకటి అమ్మకపు పత్రాల నకళ్ళు తెప్పించి నాకు పంపు.

నీ నాన్న